కుంకుడు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. కొట్టి గింజ తీసి కుంకుడు తొక్కలన్
వేడినీట నానవేసి పిసికి
గుడ్డ వడియగట్టి కొంచెము గంజితో
కనులు మూసి తలను కడుగవలయు

అవతారిక: కుంకుడుకాయతో తలంటుకొనే విధిని బోధించే పద్యం ఇది. ఛందస్సు ఆటవెలది. పండగ పొద్దున తెలుగిళ్ళ పెరళ్ళలో వినిపించే కేకలే ఇక్కడ గణాల్లో ఒదిగాయి గనక, ఇందులో కవికల్పన అంటూ ఏమీ లేదు. కథానాయకుడైన కుంకుడు చెట్టు పేరు మాత్రం ఒక్కచోటే, అదీ తొక్కకు విశేషణంగా వచ్చింది. ఆ లోటు పూడ్చడం వ్యాఖ్యాత పని.

అన్వయం: ‘కొట్టి’ అనే క్రియకు పద్యంలో కర్మ లేదు. తొక్కలనే కొట్టాలని అర్థం చెబితే చిక్కు వస్తుంది. కాయను కొడితే గానీ తొక్క విడిరాదు, తొక్క విడివడ్డాక కొట్టే పని లేదు. అందుచేత ‘కాయలను’ అని అధ్యాహారం చేసుకోవాలి. అలాగే ‘గంజితో’ అన్నది గంజి కలిపి తల కడుక్కోవడానికి సంబంధించినదే తప్ప, గంజితో వడగట్టమని కాదు. ఇలా అన్వయించుకోని ఇంట్లో గుడ్డా గంజీ రెండూ పాడవుతాయి.

కుంకుడు = కుంకుడు చెట్టుకు సంబంధించిన. దక్కన్ మెట్టనేలల్లో, తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో, శ్రీలంకలో ఆకురాల్చే అడవుల్లో పెరిగే నడితరం చెట్టు ఇది. వానలు తక్కువైనా ఓర్చుకుంటుంది. ఊరిచివర, చేలగట్ల మీద, పాత తోటల అంచున కనిపిస్తుంది. బూడిదరంగు బెరడు, గుబురుగా పరుచుకొన్న కొమ్మలు. ఒక్కో ఈనెకు రెండు మూడు జతల చిట్టి ఆకులుంటాయి. ఆకు కొన సూదిగా ఉండక, గోటితో గిల్లినట్టు నొక్కుపడి ఉండటం దక్షిణాది కుంకుడును పోల్చుకొనే గుర్తు.

చెట్టు పేరు దగ్గర పండితులకు పాఠభేదం ఉంది. లిన్నేయస్ 1753లో సాపిండస్ ట్రైఫోలియేటస్ అన్నాడు. డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు మార్టిన్ వాల్ ఆకుకొన నొక్కును చూసి 1794లో సాపిండస్ ఎమార్జినేటస్ అన్నాడు. రెండు పేర్లూ ఒకే చెట్టువా, రెండు చెట్లవా అన్నదానిపై గ్రంథాలు ఇప్పటికీ ఏకవాక్యతకు రాలేదు. సాపిండస్ అనే జాతినామం మీద మాత్రం వివాదం లేదు. భారతదేశపు సబ్బు అని దానికి లాటిన్ వ్యుత్పత్తి. హిమాలయ పాదాల దగ్గర రీఠా అని పిలిచేది దీని దాయాది, సాపిండస్ ముకొరొస్సీ. దాని ఈనెకు ఆకుల జతలు ఎక్కువ. లిచీ పండూ ఈ కుటుంబంలోదే. ఆ తీపి ఈ ఇంటికి మాత్రం రాలేదు.

సంస్కృతంలో దీన్ని అరిష్టకం అనీ, ఫేనిలం అనీ అంటారు. ఫేనం అంటే నురుగు గనక రెండో పేరుకు వ్యాఖ్య అక్కర్లేదు. మొదటి పేరు విని ఇంటికి అరిష్టమేమో అని జడుసుకోవద్దు. కీడు లేనిది అని కూడా దానికి అర్థం ఉంది. వేపకు కూడా అదే పేరు.

పూలు చలికాలం మొదట్లో, కార్తీక మార్గశిరాల ప్రాంతంలో, కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. చిన్నవి, వెలిసిన తెలుపు. ఎవరూ జడలో పెట్టుకోరు. తేనెటీగలకు అలాంటి పట్టింపులు లేవు. మాఘ ఫాల్గుణాల నాటికి కాయ ముదురుతుంది. ఒక్కో పువ్వు అండాశయంలో మూడు గదులుంటాయి; అందుకే కాయలు రెండు, మూడు వీపులు ఆనించుకొని జంటగానో త్రయంగానో కాస్తాయి. ఎండి విడిపోయాక ఆ కలయికకు సాక్ష్యంగా ప్రతి కాయకూ ఒకవైపు చదునైన మచ్చ మిగులుతుంది. పచారీ కొట్టు నుంచి తెచ్చిన ఏ కాయనైనా వేళ్ళ మధ్య తిప్పి చూస్తే ఆ మచ్చ తగులుతుంది. చుట్టూ ముడతలు, ఎరుపు కలిసిన గోధుమరంగు తొక్క, లోపల గలగలమనే గింజ. గలగలమనకపోతే కాయ ఇంకా ఎండలేదని తెలుసుకోవాలి.

కొట్టి = పగలగొట్టి. సాధనం ఏమిటో కవి చెప్పలేదు. బండరాయి, సన్నికల్లు పొత్రం, ఏదైనా సరే. తొక్కలో జిగురు ఉన్నందువల్ల, సరిగా ఎండని కాయ దెబ్బకు పగలదు. అణిగి రాతికి అంటుకుంటుంది. ముందు ఒక పూట ఎండలో పోయాలన్నది పెద్దల మాట. మరీ బలంగా కొడితే గింజ కూడా చితుకుతుంది, లేదా కాయ మొత్తంగా ఎగిరి పక్కింటి ప్రహరీ దాటుతుంది. కాబట్టి ఇక్కడ ‘కొట్టి’ అంటే ‘తగుమాత్రంగా కొట్టి’ అని విశేషార్థం.

గింజ తీసి = విత్తును వేరుచేసి. గింజ నలుపు, నునుపు, గుండ్రన. బఠాణీ గింజంత ఉండి, రాయిలా గట్టిగా ఉంటుంది. కాయకు అతుక్కొన్న చోట కాస్త నూగు కనిపిస్తుంది. నురుగునిచ్చే పదార్థం ఉండేది తొక్కలోనే గనక తలంటుకు గింజతో పనిలేదు. అలాగని పారేయనక్కర్లేదు, చింతపిక్కలు చాలనప్పుడు ఓమనగుంటలకు పనికొస్తుంది, దండ గుచ్చుకోవచ్చు, నాటనూ వచ్చు. పెంకు గట్టిది కాబట్టి నాటేముందు కాస్త గీరి నానబెడితే మొలక తొందరగా వస్తుంది. కాపు మాత్రం తొందరగా రాదు. కుంకుడు మొక్క నాటేవాళ్ళు తమ తలకన్నా పిల్లల తలలను దృష్టిలో పెట్టుకోవాలి.

వేడినీట నానవేసి, పిసికి = ఇక్కడ రసాయనశాస్త్రం ప్రవేశిస్తుంది. తొక్కలో సాపోనిన్లు అనే పదార్థాలున్నాయి. ఒక్కో సాపోనిన్ అణువుకు రెండు స్వభావాలు: హెడెరాజెనిన్ అనే నడుము జిడ్డును ఇష్టపడుతుంది, దానికి వేలాడే చక్కెర గొలుసులు నీటిని ఇష్టపడతాయి. జిడ్డును ఒక చేత్తో, నీటిని మరో చేత్తో పట్టుకొని రెంటినీ కలిపి బయటికి నడిపించడమే దాని వృత్తి. వేడి నీటిలో ఈ పదార్థం తొక్క నుంచి తొందరగా దిగుతుంది. చన్నీళ్ళలోనూ దిగుతుంది గానీ రాత్రే నానవేయాలి. పండగ పొద్దున గుర్తొచ్చినవాళ్ళకు వేడినీరే గతి. పిసికేకొద్దీ నురుగు పొంగుతుంది, తొక్క మెత్తబడి పిప్పి అవుతుంది.

ఇక్కడ ఒక శంక. సబ్బు ఉండగా ఇంత శ్రమ ఎందుకు? సమాధానం: సబ్బుకు క్షారగుణం ఉంది, కుంకుడు రసానికి స్వల్పంగా ఆమ్లగుణం ఉంది. అంతకన్నా ముఖ్యం ఉప్పునీటి బావుల సంగతి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలంలో సబ్బు విరిగి తెట్టె కడుతుంది, ఎంత రుద్దినా నురుగు రాదు. సాపోనిన్ అలా విరగదు. రాయలసీమలోనూ నల్గొండ వైపూ అలాంటి నీటితో కాపురం చేసినవారికి ఈ సిద్ధాంతం విడమరచి చెప్పనక్కర్లేదు.

గుడ్డ వడియగట్టి = పల్చటి గుడ్డలో వడబోసి. ఇది అలంకారప్రాయమైన మాట అనుకొని దాటవేసినవారి జడలో సాయంత్రం దాకా తొక్కముక్కలు దొరుకుతాయి.

కొంచెము గంజితో = అన్నం వార్చిన గంజి కాస్త కలిపి. కుంకుడు ఒంటరిగా వాడితే జిడ్డునంతా లాగేసి జుట్టును బిరుసు చేస్తుంది. గంజి ఆ బిరుసును తగ్గిస్తుంది, రసం తలమీంచి జారిపోకుండా చిక్కబరుస్తుంది. మందారాకు నూరి కలిపేవాళ్ళూ ఉన్నారు; ఆకులోని జిగురు చేసే పని కూడా ఇదే. ‘మందారాకుతో’ అన్న మాట ఐదో గణంలో ఇమడదు గనక కవి గంజివైపు మొగ్గాడని ఊహించవచ్చు. ‘కొంచెము’ అన్న మాట మీద దృష్టి ఉంచాలి. ఎక్కువైతే జుట్టు ఇస్త్రీకి సిద్ధమైన నేతచీరలా బిగుస్తుంది.

కనులు మూసి = ఈ పద్యానికి ప్రాణం ఈ పదబంధం. సాపోనిన్ కణాల పైపొరలను చికాకుపెడుతుంది. కంటిలో పడితే మంట భరించలేం. చెరువు నీటిలో కుంకుడు రసం కలిస్తే చేపల మొప్పలు దెబ్బతిని అవి తేలిపోతాయి. అడవి ప్రాంతాల్లో పూర్వం ఇలా చేపలు పట్టేవారు. మొప్పను వదలని గుణం కన్నును ఎందుకు వదులుతుంది? మూయడం తెరవడం మధ్య సందేహానికి తావుండరాదు. పిల్లలు ‘అయిపోయిందా?’ అని ఒక కన్ను తెరిచి అడుగుతారు; శాస్త్రం ఆ ఒక్క కన్నుకూ మినహాయింపు ఇవ్వలేదు. రసం పడ్డాక తెలుగిళ్ళలో చేసే ప్రాయశ్చిత్తం, నోట్లో ఉప్పుకల్లు వేయడం. నోటి ఉప్పు కంటి మంటను ఎలా తగ్గిస్తుందో ఏ దర్శనమూ వివరించలేదు. ఏడుపు ఆపి ఉప్పు చప్పరించేలోగా రెండు చెంబుల మంచినీళ్ళు ముఖాన పోయవచ్చు. ఉపశమనం ఆ నీళ్ళదే అనిపిస్తుంది.

తలను = శిరస్సును; ముందే నువ్వులనూనె పట్టించిన తలను అని గ్రహించాలి. నూనె లేని తలకు ఇంత నురుగు దండగ. కడుగవలయు = కడగాలి. ఇది విధివాక్యం. భోగి, ఉగాది, నరకచతుర్దశి నాడు నిత్యం. మిగతా వారాల్లో కామ్యం.

తాత్పర్యం: ఎండిన కుంకుడుకాయల్ని కొట్టి, గింజలు తీసి, తొక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టి పిసికి, వడగట్టి, కాస్త గంజి కలిపి, కళ్ళు మూసుకొని తలంటుకోవాలి.

పద్యంలో లేని ప్రయోజనాలు: పట్టుచీరలకు, ఉన్నిబట్టలకు కుంకుడు రసం సబ్బుకన్నా మెత్తన. కంసాలులు వెండిబంగారు నగల మకిలి వదిలించడానికి కుంకుడు నీళ్ళు వాడతారు. వైద్యంలో తొక్కను వాంతి చేయించడానికి, కఫం తీయడానికి, పార్శ్వపు నొప్పికి ముక్కులో చుక్కలుగా వాడారు. చేపల గతి పైన చెప్పాం గనక, ఇది వైద్యుడు లేకుండా చేసే ప్రయోగం కాదు. అడవి కాయను గిరిజనులు ఏరి తెస్తే, 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. వడగట్టగా మిగిలిన పిప్పితో ఇత్తడి చెంబు తోమవచ్చు. రసం మాత్రం నిలవ ఉండదు. మర్నాటికి వాసన వేస్తుంది.

పాఠాంతరం: ఇటీవలి ప్రతుల్లో మొదటి పాదం ‘కొట్టులోన కొన్న కుంకుడు పొట్లమున్’ అని కనిపిస్తుంది. గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. ఛందోదోషం చూపి దీన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. అయితే ఈ పాఠంలో గింజ తీసే ప్రసక్తే పోయింది. పొడిలో ఏమేమి పడ్డాయో మరపట్టినవాడికే ఎరుక. పైగా ఆ మెత్తటి పొడి మూడో పాదంలోని గుడ్డకు చిక్కదు. ఆరాక దువ్వెనకు చిక్కుతుంది.