ముందు తెలుగులో తేల్చుకోండి

"తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చకండి" అని బళ్లో చెప్తారు. కీసరలో మా ఇంటికి ట్యూషన్‌కొచ్చే పిల్లలకు నేను సరిగ్గా ఆ పనే చెయ్యమంటాను. ఎ, ద, ఫ్యూ, లిటిల్ దగ్గర తడబడేవాళ్లకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

సూత్రాలు బట్టీ పట్టడం మానెయ్యండి. మా కీసర టోల్‌గేటు దగ్గర నిలబడి రెండు మాటలు అనుకోండి. "గేటు దగ్గర బస్సు ఉంది." అది ఏదో ఒక బస్సు, వినేవాళ్లకు కొత్త సంగతి. అక్కడ ఎ పెట్టాలి. "బస్సు గేటు దగ్గర ఉంది." ఇది మనం ఎదురుచూస్తున్న బస్సే. అక్కడ ద. తెలుగులో ఆర్టికల్స్ లేవంటారు గానీ, ఆ పని మనం మాటల వరసతో చేసుకుంటున్నాం.

మా వీధి ఏడో తరగతి పిల్ల ఒకసారి "ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్" అని రాసుకొచ్చింది. "ఏమ్మా, నీకు స్నేహితులు కొద్దిమందేనా?" అన్నాను. "లేదు టీచర్, ఉన్నారు కొంతమంది!" అంది కంగారుగా. జవాబు తన నోటే ఉంది. కొద్దిమందే అంటే ఫ్యూ, కొంతమంది అంటే ఎ ఫ్యూ. ఎండాకాలం గేదెల్ని తోలుకెళ్లినవాళ్లు మున్నేరును చూసి "నీళ్లు కొంచెమే ఉన్నాయి" అంటే చాలవని దిగులు. అది లిటిల్. "కొంచెం ఉన్నాయిలే, తాగుతాయి" అంటే ఎ లిటిల్. ఏట్లో నీళ్లు రెండుసార్లూ అవే.

ఆ నీళ్ల దగ్గరే ఒక చిక్కుంది. మనకు నీళ్లు, పాలు, వడ్లు బహువచనాలు. "మెనీ వాటర్" అని పిల్లలు రాసేది అందుకే. ముందు అంకె పెట్టి చూడమనండి. రెండు బిందెలు అంటాం, రెండు నీళ్లు అనం. అంకె అతకని చోట మచ్, లిటిల్. అతికిన చోట మెనీ, ఫ్యూ. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజీ ఈ లెక్కకు లొంగవు. మనం రెండు సలహాలు అన్నా ఇంగ్లీషు ఒప్పుకోదు. ఇలాంటి మాటల్ని మాత్రం బట్టీ పట్టాల్సిందే.

ప్రశ్నలో సమ్ కాదు, ఎనీయే రావాలని గైడ్లు చెప్పేది కూడా పూర్తిగా నమ్మొద్దు. ఇంటికొచ్చిన చుట్టాన్ని "కొంచెం మజ్జిగ తాగుతారా?" అని అడిగితే అక్కడ సమ్ చక్కగా నప్పుతుంది, తాగమనే కదా అడుగుతున్నాం. ఇంట్లో ఉందో లేదో తెలియక "మజ్జిగ ఏమైనా ఉందా?" అంటే ఎనీ.

చాలా ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో వస్తున్నాయి. చాలామంది పిల్లలు తెలుగు పేజీని దాటేస్తున్నారు. దయచేసి దాటెయ్యనివ్వకండి. ఇంగ్లీషు పేజీ మూయించి, తెలుగు వాక్యం చదివించి, అక్కడ ఎ వస్తుందో ద వస్తుందో పిల్లల్నే చెప్పమనండి. ఆ తర్వాతే పేజీ తెరవనివ్వండి.