పద్దెనిమిది పనులవాడు

నేను అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్‌ని. మమ్మల్ని చూస్తే జనానికి మంటలే గుర్తొస్తాయి. కానీ గోదావరి పక్కన మా పేటలో ఎండాకాలం గడ్డివాములూ తాటాకిళ్ళూ అయిపోయాక, మిగతా ఏడాదంతా మేం ఆర్పేది తక్కువ, లాగేది ఎక్కువ. నూతిలో పడ్డ గేదె, కాలవలోకి దిగిపోయిన కారు, సంక్రాంతి వెళ్ళాక చెట్టుకొమ్మన గాలిపటం మాంజాలో చిక్కుకుని తలకిందులుగా వేలాడే కాకి... ఏం జరిగినా 101 కొట్టడమే. ఈ లాగుడు పనిలో ప్రతిచోటా ఏదో ఒకటి కొయ్యాల్సి వస్తుంది. ప్రభుత్వం వారు గొడ్డలి ఇచ్చారు, కాదనను. కాకి కాలికి చుట్టుకున్న దారాన్ని గొడ్డలితో కోస్తానంటే కాకి ఒప్పుకోవద్దూ?

అందుకని సొంతానికో కత్తి కొనుక్కోవాలని బుద్ధి పుట్టింది.

"వంటింట్లో రెండు చాకులూ కత్తిపీటా ఉండగా మళ్ళీ ఇంకోటెందుకండీ?" అంది మా ఆవిడ.

"ఇది ప్రాణాలు నిలబెట్టే కత్తి" అన్నాను.

"మా కత్తిపీట ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో చేస్తున్న పని అదే" అంది.

కొట్టువాడు ముందుగా మూరెడు కత్తి ఒకటి తీశాడు. సినిమాలో విలన్ పక్కన నిలబడేవాడి చేతిలో ఉంటుందే, ఆ రకం. అలుగు తొమ్మిది అంగుళాల పొడవో, రెండంగుళాల వెడల్పో దాటితే, ఇంటి పనికో పొలం పనికో చేసింది కాకపోతే, అది ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. మంట ఆర్పడానికి వెళ్ళి మనమే కేసులో ఇరుక్కోవడం బాగుండదని వద్దన్నాను. అప్పుడు తీశాడు, అరచేతిలో ఒదిగే ఉక్కుముద్ద. విప్పితే పటకారు. పిడుల్లోంచి రెండు చాకులు, రంపం, కత్తెర, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు, డబ్బా మూత తీసేదొకటి, సీసా బిరడా లాగే మరమేకొకటి. పేరూ ఊరూ లేని సరుకే గాని, అట్టపెట్టె మీద పద్దెనిమిది పనులని రాసుంది. లెక్కపెడితే నిజంగానే పద్దెనిమిది. నాకు తెలిసి మా స్టేషన్‌లో అన్ని పనులు చేసే మనిషి లేడు. కొనేశాను.

అగ్నిమాపక వారోత్సవాలు వచ్చాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలినప్పుడు 66 మంది ఫైర్‌మన్లు ప్రాణాలు వదిలారు. వాళ్ళ జ్ఞాపకంగా ఏటా ఆ రోజు మొదలుపెట్టి వారం పాటు ఊళ్ళు తిరిగి జాగ్రత్తలు చెబుతాం. ఆ ఏడు నేను జాగ్రత్తలు తొందరగా ముగించి, పిల్లల ముందు కత్తి విప్పాను. పొడి చేతులు, మంచి వెలుతురు, చుట్టూ చప్పట్లు. పద్దెనిమిదీ నెమలి పురి విప్పినట్టు విచ్చుకున్నాయి. ముందు వరసలోని ఓ బుడ్డోడు లేచి, "సార్, దీంతో మంట ఎలా ఆర్పుతారు?" అనడిగాడు. వాడు పైకొస్తాడు. ఆ రోజు మాత్రం కూర్చోమన్నాను.

పది రోజుల తర్వాత నూతిలో గేదె అని కాల్ వచ్చింది. పాత హోస్‌ని గేదె పొట్ట కింద పట్టీలా వేసి, తాళ్ళు కట్టి, ఊరంతా ఓ చెయ్యేసి లాగాం. గేదె ఒర దాకా వచ్చింది. అంతలో దాని మెడలో పలుపు గిలక స్తంభానికి మెలిపడి బిగుసుకుంది. గేదె గుడ్లు తేలేసింది. "కొయ్యండి సార్!" అని అరిచారు. నా ఘడియ వచ్చిందనుకుని జేబులోంచి పద్దెనిమిది పనులవాణ్ణి తీశాను.

చేతులకి తోలు గ్లవుజులు, గ్లవుజుల నిండా పాకుడు. చాకు బయటికి రావాలంటే గోరుతో ఒక సన్నటి గాడి పట్టి లాగాలి. గ్లవుజుకి గోరెక్కడిది? ఎలాగో ఒకటి లాగాను. మరమేకు వచ్చింది. గేదె నావంక చూసింది. ఇంకోటి లాగాను, డబ్బా మూత తీసేది వచ్చింది. మూడోసారి చాకు వచ్చింది గాని, దాని వెనకే కత్తి మొత్తం చేతిలోంచి జారి, బుడుంగుమని నూతిలో పడింది.

తాడు పట్టుకున్న వాళ్ళలో కొబ్బరికాయల దింపు కార్మికుడొకడు ఉన్నాడు. మొలతాడు దగ్గర దోపుకున్న కత్తి తీసి ఒక్క వేటు వేశాడు. పలుపు తెగింది, గేదె లేచింది.

"జేబులో కత్తికి వెతుక్కోవాలి బాబూ, నడుముకున్న కత్తికి అక్కర్లేదండి, ఆయ్" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా చెట్టు మీద ఒక చేత్తో మట్ట పట్టుకుని రెండో చేత్తో గెల నరికేవాడి మాట అది.

గేదె బయట, కత్తి లోపల. ఇంటివాళ్ళు పాతాళభేది తెచ్చి దింపారు. ఓ తుప్పు బకెట్టు వచ్చింది, తెగిన చేద వచ్చింది, ఎప్పుడో అత్తగారి హయాంలో పోయిన ఇత్తడి చెంబు వచ్చింది. ఇంటి పెద్దావిడ చెంబు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని మాకు మజ్జిగ పోయించింది. నా కత్తి మాత్రం రాలేదు. కొక్కేనికి తగులుకోవాలంటే దానికి తాడో కడియమో ఏదో ఒకటి ఉండాలిగా!

ఈ జాతి పనిముట్టుకి ఆద్యుడు టిమ్ లెదర్‌మన్ అనే అమెరికావాడని ఆ తర్వాత తెలుసుకున్నాను. 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే కారు మాటిమాటికీ మొరాయించేదిట, బస చేసిన హోటళ్ళలో కుళాయిలు కారేవిట. జేబులో ఉన్న చాకుకి పటకారు కూడా ఉంటే ఎంత బాగుండునని అతనికి అనిపించింది. ఆ "ఎంత బాగుండును" అమ్మకానికి వచ్చేసరికి 1983 అయింది. అంటే పుట్టుకతోనే ఇది కారూ కుళాయీ బాగుచేసే మేస్త్రీ. పంపు బిగించడానికీ, వదులైన మర తిప్పడానికీ దీన్ని మించింది లేదు. పీక మీదికి వచ్చిన వేళ మేస్త్రీని పిలిచి, సంచీలో సామాను వెతుక్కోమనడం నాదే తప్పు. పైగా ఆ పిడులు వట్టి ఉక్కు. కరెంటు తీగ దగ్గరికి దాంతో వెళ్తే మనల్ని లాగడానికి ఇంకో బండి రావాలి.

రెండోసారి కొన్నప్పుడు పనులు లెక్కపెట్టలేదు. అలుగు మొన మొద్దుగా ఉందా అని చూశాను. ఇరుక్కున్న మనిషి పక్కటెముకల దగ్గర బెల్టు కోసేటప్పుడు సూది మొన ఉంటే, బెల్టుతో పాటు మనిషీ తెగుతాడు. సగం అంచుకి రంపపు పళ్ళు ఉన్నాయా అని చూశాను. తడిసిన తాడు మీద నున్నటి అంచు జారుతుంది, పళ్ళున్నది పట్టుకుంటుంది. తెరిచాక బిగుసుకునే లాక్ ఉందా, లేక నా వేళ్ళ మీదే మూసుకుంటుందా? సీటుబెల్టుకి వేరే కొక్కెం ఉందా? బెల్టు బిగుతుగా లాగి, కొక్కేన్ని ఏటవాలుగా పెట్టి గుంజితేనే తెగుతుంది, వదులు బెల్టు నలుగుతుందంతే. రంగు నారింజ తీసుకున్నాను. నల్లది దర్జాగా ఉంటుంది గాని, రాత్రి బురదలో పడితే దాని దర్జా దానికే.

అద్దం పగలగొట్టే మొన కూడా ఉంది. దానికీ ఓ పద్ధతుంది. చాలా కార్ల పక్క అద్దాలు గట్టిపరిచినవి. మూల దగ్గర పోటు పడితే పటికబెల్లం పలుకుల్లా రాలిపోతాయి. ముందద్దం అలా కాదు. రెండద్దాల మధ్య ప్లాస్టిక్ పొర, బొబ్బట్టులో పూర్ణంలా. ఎంత పొడిచినా నెర్రెలిస్తుంది గాని ఊడి రాదు. దాన్ని రంపంతో కొయ్యాల్సిందే.

ఇదంతా సరే, తెరుచుకుంటుందా? ఈసారి ఊరి ముందు పరీక్ష పెట్టుకోదలచలేదు. ఆ రాత్రి బాత్‌రూంలో లైటు ఆర్పేసి, హెల్మెట్ పెట్టుకుని, గ్లవుజులతో బకెట్టులో చేతులు ముంచి, ఒంటిచేత్తో తెరవడం మూయడం మొదలుపెట్టాను. ఠక్, ఠక్. ఇరవయ్యోసారికి తలుపు అవతల మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమండీ... లోపల మీరేనా?"

"నేనే!"

"చీకట్లో ఏం చేస్తున్నారు?"

"కత్తి తెరుస్తున్నాను."

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, "తెరుచుకుందా?" అంది.

తెరుచుకుంది. మర్నాడు దానికో తాడు కట్టి, రెండో కొస నా బెల్టుకి ముడేసుకున్నాను. ఇన్నేళ్ళలో అది కోసిన వాటిలో తాళ్ళూ బెల్టులూ తక్కువే, స్టేషన్‌లో మామిడికాయలే ఎక్కువ. అవసరం వచ్చిన నాలుగైదు సార్లు మాత్రం నా చేతిలోనే ఉంది.

కాబట్టి ఈ పనికి కత్తి కొనేవారికి ఒక్కటే మనవి. కొట్లో పనులు లెక్కపెట్టకండి. గ్లవుజులు వేసుకుని, చేతులు తడుపుకుని, కళ్ళు మూసుకుని తెరిచి చూడండి. తెరుచుకుంటే కొని, తాడు కట్టుకోండి. నా పద్దెనిమిది పనులవాడు ఇంకా ఆ నూతిలోనే ఉన్నాడు.