సర్ఫాద్వైతం: ఒక నురగ దర్శనం

భారతీయ దర్శనాల జాబితాలో ఇంతవరకు చోటు దక్కకపోయినా, హైదరాబాదు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనూ, విజయవాడ, విశాఖపట్నం వీధుల్లోనూ ఆదివారం ఉదయాల వేళ నిష్ఠగా ఆచరణలో ఉన్న సిద్ధాంతం ఒకటుంది. మురికి ఒక్కటే, సబ్బు ఒక్కటే. చొక్కా కాలరు, పప్పు గిన్నె, కారు బానెట్ అనేవి అజ్ఞానం వల్ల వేరువేరుగా తోచే నామరూపాలు మాత్రమే అన్నది దాని సారం. దీనికి సర్ఫాద్వైతమని పేరు పెట్టవచ్చు. సర్ఫ్ అనేది 1959లో భారతదేశంలో అమ్మకానికి వచ్చిన ఒక బట్టల పొడి పేరు; తెలుగు ఇళ్లలో అది కాలక్రమేణా ఏ కంపెనీ పొడినైనా పిలిచే సామాన్య నామమైపోయింది కనుక, ఈ వ్యాసంలో ఆ మాటను బట్టల పొడులన్నిటికీ, వాటి దాయాదులైన అంట్ల సబ్బులకూ లిక్విడ్లకూ కలిపి వాడడమైనది. తయారీదారుల తప్పు ఇందులో ఏమీ లేదు; బట్టలకు చేసినది బట్టలకనే వారు అమ్ముతున్నారు, మిగిలిన భాష్యమంతా కొన్నవారిదే.

ఈ మతంలో చేరినవారు వివేకహీనులనుకోవడం పొరపాటు. వస్తువును బట్టి శుద్ధి మారాలన్న జ్ఞానం తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. పట్టుచీరను కుంకుడు రసంలో జాడించాలని, ఇత్తడి బిందెకు చింతపండు పట్టించాలని తెలిసిన ఇంట్లో, కంచిపట్టు మీద గుప్పెడు బట్టల పొడి చల్లబోయినవారికి ఆ పూట అన్నం పుట్టదు. అయితే ఇల్లు తరువాత అంత డబ్బు పోసి కొన్న వస్తువైన కారు దగ్గరకు వచ్చేసరికి, నెల రోజులు ఆలోచించి రంగు ఎంచుకుని, ముత్యపు మెరుపు కోసం అదనంగా సొమ్ము కట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్న ఆ బండికి, అదే కుటుంబం పది రూపాయల ప్యాకెట్టు చించి అభిషేకం చేస్తుంది.

జ్ఞానాన్ని నిర్ధారించే సాధనాలను శాస్త్రకారులు ప్రమాణాలన్నారు. న్యాయదర్శనం అంగీకరించినవి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు. సర్ఫాద్వైతులు ఈ నాలుగింటినీ తమ పక్షాన నిలబెట్టుకుంటారు కనుక, వారి వాదాన్ని ఆ వరుసలోనే పరిశీలించడం మర్యాద.

మొదటిది ప్రత్యక్షం, అంటే కంటికి కనబడేది. వారి కంటికి కనబడేది నురగ. బకెట్టు అంచు దాటి పొంగిన తెల్లని నురగను చూసిన తరువాత కారు శుభ్రపడిందా అని అడగడం వారి దృష్టిలో నాస్తికత్వం. నిజానికి నురగ అంటే పలుచని నీటిపొరల మధ్య చిక్కుకున్న గాలి తప్ప మరేమీ కాదు. మురికిని విడదీసే పని చేసేది సర్ఫాక్టెంట్ అనే పదార్థం. దాని అణువులో ఒక కొస నీటిని, రెండో కొస నూనెను పట్టుకుంటుంది కాబట్టి, జిడ్డును చుట్టుముట్టి నీటిలోకి లాగగలుగుతుంది. ఆ పనికి నురగ ఎత్తు కొలబద్ద కాదు. ముందు తలుపు వాషింగ్ మెషీన్ల కోసం చేసే పొడులను కావాలనే నురగ తక్కువ వచ్చేటట్టు తయారు చేస్తారు, వాటితో బట్టలు చక్కగానే శుభ్రపడతాయి. కనుక ప్రత్యక్ష ప్రమాణం రుజువు చేసేది బకెట్టులో గాలి ఉందని మాత్రమే.

రెండవది అనుమానం, అంటే తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని ఊహించడం. చొక్కా మీది నూనె మరకనే వదలగొట్టిన మహాశక్తికి కారు మీది దుమ్ము ఒక లెక్కా అన్నది ఇక్కడి తర్కం. ఈ తర్కాన్ని పరీక్షించాలంటే ఆ పొడిలో ఉన్న ఉద్యోగులను ఒక్కొక్కరిని పిలిచి, కారు మీద వారికి ఏం పని ఉందో విచారించాలి. కొన్ని పొడులలో ఎంజైములుంటాయి. గుడ్డు, నెత్తురు వంటి ప్రోటీను మరకలను, బట్ట నానుతున్నంతసేపూ, విడగొట్టడం వాటి విధి. కారు డోరు గుడ్డు తినదు, తిన్నా గంటసేపు నానదు. ఆప్టికల్ బ్రైట్‌నర్ అనే రంగులేని రంగు ఒకటుంటుంది. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను మింగి నీలి కాంతిని వెదజల్లి, తెల్లని నూలుబట్టను మరింత తెల్లగా భ్రమింపజేయడం దాని వృత్తి. నల్లని కారు మీద దానికి నిరుద్యోగమే. సోడియం సల్ఫేటు అనే లవణం పరిమాణాన్ని నింపడానికి చేరుతుంది. రాయి తగిలి పెయింటు లేచిపోయిన చోట ఇనుముకు ఏ లవణమైనా చేసే ఉపకారం తుప్పుకు తోడ్పడడమే. ఇక సోడియం కార్బొనేటు, అంటే బట్టల సోడా, ద్రావణాన్ని క్షారంగా మార్చి జిడ్డును కరిగించడానికి తోడ్పడుతుంది. ఆమ్లత్వాన్నీ క్షారత్వాన్నీ కొలిచే పీహెచ్ మానంలో 7 తటస్థ స్థానమైతే, బట్టల పొడి కలిపిన నీళ్లు సాధారణంగా 10 చుట్టుపక్కల ఉంటాయి. మూడంకెల తేడాయే కదా అనుకోరాదు. ఆ మానంలో ఒక్కొక్క అంకె పది రెట్లు కనుక, మూడంకెలంటే వెయ్యి రెట్లు.

ఈ వెయ్యి రెట్ల శౌర్యం ఎవరి మీద ప్రయోగమవుతున్నదో చూడాలంటే కారు చర్మాన్ని తెలుసుకోవాలి. ఉక్కు రేకు మీద ముందుగా ఫాస్ఫేటు పూత, దాని మీద విద్యుత్తు సాయంతో పట్టించిన తుప్పు నిరోధకపు పూత, ఆపైన ప్రైమరు, ఆపైన రంగునిచ్చే బేస్ కోటు, అన్నిటికీ మీద క్లియర్ కోటు అనే పారదర్శకమైన రక్షణ పొర ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. పొరలన్నీ కలిపినా సుమారు నూరు మైక్రాన్లు, అందులో క్లియర్ కోటు వాటా నలభై యాభైకి మించదు. షోరూములో కళ్లు చెదరగొట్టిన మెరుపంతా ఆ నలభై యాభై మైక్రాన్లలోనే ఉంది. దాని మీద యజమాని మైనం పట్టించి ఉంటే, సాధారణంగా అది బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం, లేదా దాని స్థానంలో వాడే కృత్రిమ పదార్థం. జిడ్డును వెతికి పట్టి లాగేయడమే పుట్టుకతో వచ్చిన ధర్మంగా గల డిటర్జెంటుకు, చొక్కా మీది జిడ్డు వేరు, బానెట్ మీద డబ్బిచ్చి పూయించుకున్న మైనం వేరు అన్న వివక్ష ఉండదు. ఆ మాటకొస్తే ఈ మతంలో సిసలైన అద్వైతి డిటర్జెంటు ఒక్కటే.

పోనీ, దుమ్మునైనా అది ప్రత్యేకంగా జయిస్తుందా అంటే, రోడ్డు దుమ్ము ప్రధానంగా జిడ్డు కాదు, మట్టీ ఇసుకా. ఇసుకలోని క్వార్ట్జ్, ఖనిజాల గట్టితనాన్ని సూచించే మోస్ కొలమానంలో 7వ మెట్టు మీద, అంటే గాజుకన్నా పైన ఉంటుంది. దానిని ముందుగా ధారాళమైన నీటితో దించేసి, మిగిలినదాన్ని గుడ్డకూ పెయింటుకూ మధ్య జారేటట్టు చేయడమే కారు కడగడంలోని అసలు విద్య. కారు షాంపూలలో జారుడుతనాన్నిచ్చే పదార్థాలు చేర్చేది ఇందుకే. బట్టల పొడిలో ఆ గుణానికి చోటు లేదు, ఎందుకంటే బట్టను ఉతికేటప్పుడు కావలసింది రాపిడి. సర్ఫాద్వైతి మాత్రం తడిగుడ్డ మీద పొడిని నేరుగా చల్లి, కరగని పలుకులను కరగని ఇసుకతో కలిపి, గుండ్రంగా, ప్రేమగా, బలంగా రుద్దుతాడు. ఎండలో నిలబెట్టిన ముదురు రంగు కారు మీద సాలెగూడులాగా కనిపించే సన్నని వలయాలు ఆ ప్రేమ మిగిల్చిన గుర్తులే. అంట్ల సబ్బు బిళ్లను వాడేవారు ఇంకొక అడుగు ముందున్నారు. మాడిన అడుగును గీకడానికి అందులో ఖనిజపు పొడిని కలిపే తయారు చేస్తారు కనుక, ఇసుక కోసం రోడ్డు మీద ఆధారపడవలసిన అవసరం వారికి లేదు.

మూడవది ఉపమానం, అంటే పోలిక ద్వారా తెలుసుకోవడం. గిన్నెలు తోమే లిక్విడ్ చేతులకే హాని చేయదు, ఇక ఇనుముకు ఏం చేస్తుంది అన్నది వీరి పోలిక. లిక్విడ్ విషయంలో న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి: దాని పీహెచ్ సాధారణంగా తటస్థానికి దగ్గరగానే ఉంటుంది, బట్టల పొడంత క్షారం కాదు. అయితే పోలిక మాత్రం నిలవదు. మనిషి చర్మం పైపొర కొన్ని వారాలలో తనను తాను కొత్తగా అల్లుకుంటుంది. క్లియర్ కోటుకు ఆ వరం లేదు, పోయిన మైక్రాను పోయినట్టే. పైగా కార్లకు మెరుగుపెట్టే వృత్తినిపుణులలో కొందరు ఈ లిక్విడ్‌ను నిజంగానే వాడతారు; కొత్త పూత వేయబోయే ముందు పాత మైనాన్ని పూర్తిగా ఊడ్చివేయడానికి, ఆ ఒక్కసారికి మాత్రమే వాడతారు. పూత ఊడగొట్టడానికి వారు ఎంచుకున్న పదార్థాన్ని పూత నిలుపుకోవడానికి ప్రతి ఆదివారం వాడడంలోని నిగూఢార్థం సంప్రదాయంలో దీక్ష పొందినవారికే బోధపడాలి.

నాలుగవది శబ్దం, అంటే ఆప్తుడైనవాడు, నమ్మదగినవాడు చెప్పిన మాట. ఈ సంప్రదాయంలో ఆప్తుడు సాధారణంగా బావమరిది. పదేళ్లుగా సర్ఫుతోనే కడుగుతున్నా తన కారు నిక్షేపంలా ఉందని ఆయన వాక్కు. ఆ కారు తెల్లది అన్న సంగతి ఆ వాక్కులో రాదు. తెలుపు మీద సన్నగీతలు కంటికి ఆనవు. ఒక్కసారి సర్ఫు పడితే రంగు రాలిపోతుందని ఏ రసాయన శాస్త్రమూ అనదు, ఈనాటి క్లియర్ కోటు అంత పిరికిది కాదు. నష్టం నెమ్మదిగా, వాయిదాల మీద జరుగుతుంది: మైనం ముందు పోతుంది, ఎండ దెబ్బ పెరుగుతుంది, గీతలు కలిసి మెరుపును మసకబారుస్తాయి, కిటికీల రబ్బరు అంచుల సందుల్లో, నల్ల ప్లాస్టిక్ గరుకు మీద తెల్లని పొడి కట్టి ఉండిపోతుంది. జరిగిన నష్టాన్ని పోల్చి చూడడానికి షాంపూతో కడిగిన కవల కారు బావమరిది దగ్గర ఉండదు కనుక, ఆప్తవాక్యం అజేయంగా ఉండిపోతుంది. దీనికన్నా ప్రామాణికమైన శబ్దం ఒకటి ప్రతి కారులోనూ ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు విప్పకుండా భద్రపరిచిన యజమాని పుస్తకమే అది. నీడలో కడగమని, ముందు నీళ్లతో దుమ్ము దించమని, మృదువైన సబ్బు మాత్రమే వాడమని చెప్పే ఆ గ్రంథానికి, పూజ తప్ప పారాయణం లేని గ్రంథాలకు పట్టే గతే పట్టింది.

ప్రమాణాలు నాలుగూ వీగిపోయిన చోట బోరు నీళ్లు రంగప్రవేశం చేస్తాయి. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉంటే దానిని కఠిన జలమంటారు; తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని ఆమోదయోగ్యంగా, వేరే దారి లేనప్పుడు 600 వరకు సహించదగినదిగా పేర్కొంది, నగరపు బోర్లలో ఎన్నో ఈ మొదటి గీతను దాటినవే. బట్టల సోడా ఈ కాల్షియంతో కలిసి కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయి పదార్థంగా, అడుక్కు దిగుతుంది. బట్టల బకెట్టులో అది జాడింపు నీళ్లతో పోతుంది. ఎండకు కాలుతున్న బానెట్ మీద మాత్రం నీరు ఆవిరై, తెల్లని మచ్చలుగా మిగులుతుంది. ఆ మచ్చలను చూసి మురికి ఇంకా పోలేదని మరో గుప్పెడు పొడి చల్లడంతో ఈ దర్శనంలోని పునర్జన్మ సిద్ధాంతం కూడా పూర్తవుతుంది.

సర్ఫాద్వైతుల తూణీరంలో ఇంకా ఒక బాణం ఉంది, అదే అన్నిటిలోకి పదునైనది: కారు షాంపూ కూడా డిటర్జెంటే, సీసా మార్చి ధర పెంచిన వ్యాపార మాయ. ఇందులో సగం నిజం. షాంపూలో శుభ్రం చేసేదీ సర్ఫాక్టెంటే. కానీ ఒకే వర్గానికి చెందినంత మాత్రాన రెండు మిశ్రమాలు ఒకటి కావు. షాంపూలో క్షారాన్ని తప్పించారు, జారుడును చేర్చారు, చొక్కాకు తప్ప పనికిరాని ఉద్యోగులను తొలగించారు. మాయ ఉన్న మాట కూడా అబద్ధం కాదు, అది సీసా మీది వజ్రాల బొమ్మలోనూ, అద్భుత కాంతి వాగ్దానాల్లోనూ ఉంది. ఏ వాగ్దానమూ చేయని సాదా షాంపూ బకెట్టుకు ఒకటి రెండు మూతలు చాలు. కొన్ని వందల రూపాయల సీసా నెలల తరబడి వస్తుంది. ఇసుక నిండిన గుడ్డతో రుద్దితే ఎంత ఖరీదైన షాంపూ అయినా కారును కాపాడలేదన్నదీ అంతే నిజం. అందుకే రెండు బకెట్లు, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి, మెత్తని మైక్రోఫైబరు గుడ్డ, కాస్త నీడ ఉండాలంటారు.

సర్ఫుతో కడిగే ఈ దోషాన్ని తెల్లవారుజామున సెల్లారులో పదుల కార్లు తుడిచే కుర్రాడి మీదకు నెట్టడం యజమానులకు అలవాటు. అతని చేతికి ఒకే బకెట్టు, ఒకే పాత బనియను, ఒకే ప్యాకెట్టు ఇచ్చి, ఏడు గంటలకల్లా కారు తళతళలాడాలని ఆదేశించినది ఎవరో ఆ సెల్లారులో అందరికీ తెలుసు. అతనికి నెలకు ఇచ్చే మొత్తంలో షాంపూ ఖర్చు కూడా కలిసే ఉందని భావించే యజమానులు, అదే కారు డోరుకు మళ్లీ రంగు వేయించేటప్పుడు వేల రూపాయల బిల్లును మారుమాట లేకుండా కడతారు.

దర్శనాలకు ఫలశ్రుతి ఉండాలి గనుక దీనికీ ఒకటుంది. కొన్నేళ్ల నురగ తరువాత కారు వెలిసినట్టు కనిపించడం మొదలవుతుంది. పొడి మీద ఆదా అయిన డబ్బుకు ఎన్నో రెట్లు పెట్టి, యజమాని దాని మీద సిరామిక్ కోటింగ్, అంటే సిలికా ఆధారంగా తయారైన గట్టి రక్షణ పూత, వేయిస్తాడు. ఇకమీదట తటస్థ పీహెచ్ గల షాంపూ మాత్రమే వాడాలని పూత వేసినవారు చెబితే గంభీరంగా తల ఊపుతాడు. తరువాతి ఆదివారం, పూత ఇప్పుడు ఎంతో గట్టిది కనుక దానికి తగ్గ గట్టి సబ్బే కావాలని తీర్మానించి, పది రూపాయల ప్యాకెట్టు మాని ఇరవై రూపాయల ప్యాకెట్టు చింపుతాడు.