బోరు పాయింటు చూడటం ఎలా?

మా జిల్లాలో 'బోరు' అనే మాటకు మూడర్థాలు. చేలో వేసేది ఒకటి, నీళ్లు పడొచ్చు, పడకపోవచ్చు. బండి ఇంజనుకు వేసేది రెండోది. ఈ రెండింటి మీద పెట్టిన ఖర్చు గురించి మనం చెప్పుకుంటూ పోతే బంధువులకు కొట్టేది మూడోది.

చేలో పాయింటు ఎట్లా చూస్తారో అందరికీ తెలుసు. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని గట్టు వెంబడి నడుస్తాడు. టెంకాయ నిటారుగా లేచిన చోట రిగ్గు దిగుతుంది. వందల అడుగులు పోయాక దుమ్ము లేచినా ఆయన్ను ఎవరూ ఏమీ అనరు, తమ తలరాతను తిట్టుకుంటారు. భూమి లోపల ఏముందో కంటికి కనపడదు కాబట్టి ఆ నమ్మకంలో ఎంతో కొంత న్యాయముంది. ఇంజను బ్లాకు అట్లా కాదు. లోపల వేలు పెట్టొచ్చు, లైటు వేసి చూడొచ్చు, కొలవొచ్చు. అయినా దానికి బోరు వేసే లేత్ షాపు ఎంచుకునే రోజున మనం టెంకాయనే నమ్ముకుంటాం. ఈ గొప్ప ఆచారం అంతరించిపోకూడదని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత వాహన యజమానుల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను.

నా అర్హత ఏమిటంటే, నా దగ్గర ఒక మారుతి 800 ఉంది. మూడు సిలిండర్లు, 796 సీసీ. మీటరు 1,87,000 దగ్గర ఆగి ఆరేళ్లయింది. తెగింది కేబులు కాబట్టి ఆగింది మీటరే, బండి ఆగలేదు. పొద్దున్నే స్టార్టు చేస్తే వచ్చే నీలం పొగ చూసి, మున్సిపాలిటీ దోమల మందు బండి వచ్చిందనుకుని వీధి పిల్లలు వెంటపడేవాళ్లు. దాని ఇంజను రెండుసార్లు దింపించాను. మొదటిసారి ఈ కింది సూత్రాలన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. రెండోసారి దింపించాల్సి వచ్చింది అందుకే.

1. ముందు బామ్మర్దిని దాటండి

ఇంజను పని అనగానే పెనుకొండ నుంచి బామ్మర్ది ఫోన్ చేస్తాడు. "ఆ డబ్బా ఇంకా యాల బావా? మా ఎర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే కియా ఫ్యాక్టరీ ఉంది, ఒకటి తీసుకోరాదా?" అంటాడు. ఆయనకు ఆయన ఊరి చరిత్రే చెప్పండి. 1565లో తళ్లికోట దగ్గర విజయనగరం ఇంజను సీజైతే, తిరుమలరాయలు దాన్ని లాక్కొచ్చి పని చేయించింది పెనుకొండలోనే. పొగ వదులుతూనే అయినా ఆ బండి చంద్రగిరి, వేలూరు మీదుగా మరో ఎనభై ఏళ్లు నడిచింది.

అదే ఫ్యాక్టరీ నుంచి ఐదేళ్లలో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని కంపెనీ ఫిర్యాదు చేసినట్టు 2025లో పత్రికల్లో చదివాం. ఆ దారిని ఈ వ్యాసం సిఫారసు చేయదు. పైగా ఆ ఇంజను మారుతిలో పట్టదు.

2. షాపు ఎంపిక మెకానిక్‌కే వదిలేయండి

ధర్మవరం వెళ్లి పెళ్లి పట్టుచీర కొనేటప్పుడు మనింటి ఆడవాళ్లు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. నలుగురు కూర్చుంటారు. కొంగు విప్పిస్తారు, అంచు తిప్పి చూస్తారు, జరీ మీద గోరు గీస్తారు, గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో రంగు చూస్తారు. మూడు గంటల తర్వాత "ఇంకో షాపు చూద్దాం" అని లేస్తారు. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు కొనేవాళ్లయితే గూడును చెవి దగ్గర పెట్టుకుని ఊపి మరీ చూస్తారు.

ఇంజను దగ్గర ఈ తెలివితేటలు వద్దు. బ్లాకు ఏ షాపుకు పోతోందో అడగడం మర్యాద కాదు. మెకానిక్ దాన్ని ఆటోలో వేసి 'మామూలు షాపు'కు పంపుతాడు. ఆ మామూలులో ఆయనకూ ఓ మామూలు ఉంటుంది. ఇద్దరి మధ్య అంతటి అనుబంధం ఉన్నప్పుడు మధ్యలో మనమెందుకు?

3. గోడలు చూడండి, బల్ల చూడకండి

షాపులోకి వెళ్లక తప్పకపోతే గోడలకున్న దేవుడి పటాలు లెక్కపెట్టండి. నాలుగు బండ్ల బోల్టులూ ఒకే పెయింటు డబ్బాలో కలిసిమెలిసి ఉంటే అది సమైక్యతకు గుర్తు, నిస్సంకోచంగా బ్లాకు దించండి. విప్పిన ప్రతి సామానుకూ పేరు రాసిన చీటీ కట్టి, వాల్వులను ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే వరసగా పేర్చి ఉంటే మాత్రం వెనక్కి తిరగండి. అంత చాదస్తంతో వేగలేం.

మైక్రోమీటరు ఉందా అని చూడొచ్చు. ఉంటుంది. పెట్టె మూత తీసి ఉండకూడదు. మొదటిసారి నేను వెళ్లిన షాపులో మైక్రోమీటరుకు పోయిన దసరా ఆయుధపూజ నాటి గంధం, కుంకుమ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చూసి చేతులెత్తి దండం పెట్టుకున్నాను.

4. అంకెలు అడగవద్దు

భారతానికి పద్దెనిమిది పర్వాలు, మారుతి 800 బ్లాకుకు పద్దెనిమిది కొలతలు. పిస్టను పైకి వెళ్లి తిరిగే చోట రింగులు ఎక్కువ రుద్దుకుంటాయి కాబట్టి సిలిండరు పైభాగం ఎక్కువ అరుగుతుంది. అడుగున అరుగుదల దాదాపు ఉండదు. పిస్టను ఒక పక్కకు ఒత్తుకుంటూ దిగుతుంది కాబట్టి గుండ్రం కాస్తా కోడిగుడ్డవుతుంది. అందుకని పైన, నడుమ, అడుగున మూడు చోట్లా, ఒక్కో చోట రెండు వైపులా కొలవాలి. సిలిండరుకు ఆరు, మూడింటికి పద్దెనిమిది.

ఇదంతా అక్కర్లేదు. అనుభవజ్ఞుడు సిలిండరులో వేలు తిప్పి, కళ్లు మూసుకుని, "యాభై వేస్తే సరిపోతాది" అంటాడు. టెంకాయ లేచింది! ఇక రిగ్గు దించడమే.

5. ముందు బోరు, తర్వాత పిస్టన్లు

నా బండి బోరు కొత్తలో 68.5 మిల్లీమీటర్లు. అరిగాక 0.25 పెంచి ఒకసారి, 0.50 పెంచి మరోసారి కోయించుకోవచ్చు. పిస్టనుకూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో నూరో వంతులు మూడో నాలుగో, తలవెంట్రుక కంటే సన్నం. ఒకే సైజని డబ్బా మీద రాసి ఉన్న పిస్టన్ల మధ్య కూడా కాస్త తేడా ఉండొచ్చు. అందుకే చాదస్తులు ముందు పిస్టన్లు తెచ్చివ్వమంటారు, ఒక్కోదాన్నీ కొలిచి, దానికి తగ్గట్టు దాని సిలిండరు కోస్తారు.

చొక్కా కుట్టించి, అది పట్టే అల్లుణ్ణి వెతకడమే మన పద్ధతి. నాకు 0.50కి కోసిచ్చారు. ఊళ్లో 0.25 పిస్టన్లే ఉన్నాయి. బెంగళూరు జేసీ రోడ్డుకు పోయి 0.50 అని రాసి ఉన్న డబ్బా పట్టుకొచ్చాను. ఎవరూ కొలవలేదు. చల్లగా ఉన్నప్పుడు ఇంజను టకటకమంటుంటే "కొత్త ఇంజను కదప్పా, మాట్లాడ్తాది" అన్నారు. నాలుగు నెలలు మాట్లాడింది. ఆ తర్వాత మళ్లీ దోమల మందు.

6. హెడ్డు గురించి ఆలోచించకండి

ఇంజను వేడెక్కి కాగితే, ఎందుకు కాగిందో వెతక్కండి. రేడియేటరులో కూలెంటు బదులు చేలోని బోరు నీళ్లు పోశాం, ఆ ఉప్పు లోపల పేరుకుంది, నీళ్ల దారి మూసుకుంది. అంటే మొదటి బోరే రెండో బోరును తెచ్చింది. కాగితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది. దాని మీద తిన్నని బద్ద పెట్టి, సందులో ఫీలర్ గేజి దూర్చి చూస్తే ఎంత వంగిందో తెలిసిపోతుంది.

ఎవరింటికి చుట్టాలొచ్చినా లేపాక్షి తీసుకెళ్లి, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూపించేది మనమే. హెడ్డు మీద అదే పని చేయమని ఎవరినీ అడగం. స్తంభం కింద సందుంటే వింత. హెడ్డు కింద సందుంటే గ్యాస్కెట్ కాలి, ఇంజను మళ్లీ కిందికి దిగుతుంది.

7. ఎస్టిమేటు నోటిమాటగానే ఉండాలి

లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ రాజుగారి కోశాధికారి. ఖజానా సొమ్ము చెప్పకుండా గుడికి ఖర్చుపెట్టాడని రాజు ఆగ్రహిస్తే, తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని కథ. ఆ మరకలను ఇప్పటికీ చూపిస్తారు. బోరుకెంత, హోనింగుకెంత, క్రాంకు గ్రైండింగుకెంత, హెడ్డు ఫేసింగుకెంత అని విడివిడిగా రాయించుకోకపోతే, చివరి బిల్లు చూసినప్పుడు మనక్కూడా ఒక గోడ కావాల్సి వస్తుంది.

8. ఇలాంటి మనిషి కనిపిస్తే తప్పుకోండి

రెండోసారి ఎవరో చెబితే హిందూపురంలోనే ఓ పాత రేకుల షెడ్డుకు వెళ్లాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఆటోలోంచి బ్లాకు దించాం. షెడ్డు నడిపే పెద్దాయన దాని మీద అరచేయి పెట్టి వెంటనే తీసేశాడు.

"ఇప్పుడు కొలిచేది లేదు సార్. రాత్రంతా నీడన ఉండనీ. పొద్దున్నే ఆరింటికి రా."

"ఇనుమే కదన్నా, ఎండకు ఏమవుతుంది?"

"నువ్వు ఎండకు వాడిపోతావు. అది ఉబ్బుతాది."

ఇంటికెళ్లి లెక్క వేశాను. ఇరవై డిగ్రీలు వేడెక్కితే నా బోరు నూరో వంతు ఒకటిన్నర పెరుగుతుంది. ఉండాల్సిన సందులో దాదాపు సగం! పొద్దున్నే వెళ్తే నా కళ్ల ముందే గేజి దింపి, ఒక్కో అంకె చెబుతూ ఉంటే కుర్రాడు సుద్దతో బ్లాకు పక్కన రాశాడు. పద్దెనిమిదీ రాశాక పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. కోయడానికి ఇనుము మిగల్లేదు, లైనర్లు దింపి మళ్లీ 68.5కి తేవాలన్నాడు. "పిస్టన్లు తెచ్చినాకే మిషను తిప్పుతా" అన్నాడు. పనంతా అయ్యాక సబ్బు, వేడినీళ్లు పెట్టి కుర్రాడి చేత మూడుసార్లు తోమించాడు. తెల్లటి గుడ్డ లోపల తుడిచి వెలుతురుకు పట్టుకున్నాడు. హోనింగు రాపిడి పొడి బూడిద రంగులో కాస్త అంటింది. నాలుగోసారి తోమించాడు.

రెండు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది. ఇంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఆ షెడ్డు ఏ వీధిలో ఉందో ఇక్కడ రాయడం లేదు. మీరంతా అక్కడికే పోతే వచ్చే ఏడు మా బామ్మర్ది బండికి వరస దొరకదు.

బ్లాకు తెచ్చుకునే రోజు అలవాటు కొద్దీ ఒక టెంకాయ పట్టుకెళ్లాను. పెద్దాయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని లేత్ మిషను పక్కన పెట్టాడు. కొత్త కొలతలు రాసిన చీటీ నా చేతిలో పెట్టాడు.

"అది బండి స్టార్టయినాక కొడదాం సార్. ముందు ఇది చదువుకో."