తల్లీ ఉస్మానియా, నీకు చేతకానిదేముంది!

తల్లీ ఉస్మానియా, నిన్ను పొగడకుండా ఉండలేను. చుట్టూ పెద్ద విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లిష్‌లో పాఠాలు చెబుతున్న 1918లో నువ్వు ఉర్దూలో చెప్పడానికి పూనుకున్నావు. పుస్తకాలు లేవని వెనక్కి తగ్గలేదు. అనువాద శాఖ పెట్టావు, పండితులను కూర్చోబెట్టావు, లేని పారిభాషిక పదాలను పుట్టించావు, వందల గ్రంథాలు తెచ్చావు. వైద్యం కూడా ఆ భాషలోనే నేర్పావు. అదే సమయంలో ఇంగ్లిష్‌ను ప్రతి విద్యార్థికీ తప్పనిసరి సబ్జెక్టు చేశావు. తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్ల పిల్లలకు ఆ ఉర్దూ కూడా పరాయిదే, ఆ మాట దాచను. కానీ ఒక భాషలో చదువును అర్థం చేయించి, మరో భాషతో లోకంలోకి పంపే విద్య నీకు అప్పుడే తెలుసు. 1948 తర్వాత ఇంగ్లిష్ మీడియంలోకి మారావు.

నీ పిల్లల మాటకారితనం ఎంతని చెప్పను! 2009 చివర్లో ఊరి బడుల్లో తెలుగులో చదువుకుని వచ్చినవాళ్లు ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి తెలంగాణ కోసం వేలమందిని కదిలించారు. ఎవరికి ఏది ముందు చెప్పాలో, ఎదుటివాడి అనుమానాన్ని ఎలా తీర్చాలో, టీవీ మైకు ముందు అరనిమిషంలో ఎంత చెప్పాలో వాళ్లకు తెలుసు. 2014 జూన్ 2న వచ్చిన రాష్ట్రంలో ఆ గొంతుల వాటా ఉంది. నీ లైబ్రరీ చుట్టూ చెట్ల కింద ఇప్పుడు చూసినా, గ్రూప్స్ పరీక్షలకు చదివే ఒకడు అర్థంకాని ఇంకొకడికి రాజ్యాంగాన్ని విడమర్చి చెబుతూ ఉంటాడు. అలాంటివాడే ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే తడబడితే, కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని పక్కన పెడతారు. వాడికి లేనిది ఇంగ్లిష్ అలవాటు. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పే నేర్పు వాడిలో నిండుగా ఉంది.

ఇంగ్లిష్ అక్కర్లేదని నేను అనను. విదేశీ క్లయింట్‌తో రోజూ ఫోన్లో మాట్లాడే ఉద్యోగానికి అది కావాల్సిందే. అందుకే నీ పిల్లల ఓర్పుకు దండం పెడుతున్నాను. డిగ్రీ అయ్యేదాకా చెప్పిన నోట్సు రాసుకున్నారు, సంభాషణను కూడా జవాబు పత్రం మీదే రాశారు. నోరు తెరిచి మాట్లాడినందుకు మార్కులు పడిన రోజు వాళ్లలో చాలామందికి గుర్తుండదు. అయినా నీ మీద కోపం పెట్టుకోలేదు. తార్నాకలో స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌కు ఇంటి నుంచి వచ్చిన డబ్బు కట్టి, లోపం తమదేననుకున్నారు.

నీ పొరుగు కూడా గొప్పదే. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం పుట్టి, సీఫెల్‌గా పేరుపొంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ నీ పక్కనే ఉంది. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి మనుషులు విమానమెక్కి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి తార్నాకకు వస్తారు. పరాయి భాష నోటికి ఎలా పడుతుందో, భయం ఎలా పోతుందో తెలిసిన గురువులు నీ హాస్టళ్లకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నారు.

యూపీఎస్సీని కూడా ఇక్కడే మెచ్చుకోవాలి. 2017లో వచ్చిన సివిల్స్ ఫలితాల్లో రోణంకి గోపాలకృష్ణ తెలుగులో పరీక్ష రాసి, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చి 3వ ర్యాంకు సాధించాడు. జిల్లాను నడపగల మనిషిని తెలుగులో విని గుర్తుపట్టవచ్చని అక్కడ తేలిపోయింది.

ప్రతి సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థినీ లేపి, తన సబ్జెక్టును ముందు తెలుగులోనో ఉర్దూలోనో, తర్వాత ఇంగ్లిష్‌లో పది నిమిషాలు చెప్పించి మార్కులు వేయాలంటే గ్రంథాలు అనువదించనక్కర్లేదు, కొత్త పదాలు పుట్టించనక్కర్లేదు. అంతకంటే ఎంతో కష్టమైన పనిని నూరేళ్ల కిందటే చేసిన తల్లివి. నీకు చేతకాదన్న మాట నా నోట ఎలా వస్తుంది?