మూడు శ్రీరాంపూర్‌లు, ఒక ఓటీపీ

2024 డిసెంబర్ 8 నాడు పొద్దుమీకి నా ఫోన్ ఆగకుండ మోగింది. కరీంనగర్ నుంచి బావమరిది, గోదావరిఖని నుంచి మరదలు, భీవండి నుంచి చిన్ననాటి దోస్తు. అందరిదీ ఒకటే ముచ్చట. "మీ శ్రీరాంపూర్‌కు సర్కారు ఫైబర్ వచ్చిందట! ఇగ టీవీనే కంప్యూటర్ అయితదట! మీకేందయ్యా, అదృష్టవంతులు." నేను మా టీవీ దిక్కు చూసిన. టీవీ టీవీ లెక్కనే ఉన్నది. దాని మీద ఇంటామె కప్పిన అల్లిక గుడ్డ కూడ ఎట్లున్నది అట్లనే ఉన్నది.

అసలు సంగతి తెల్లారి పేపర్‌లో తెలిసింది. టీ-ఫైబర్‌ను ముందుగాల నాలుగు ఊర్లల్ల మొదలుపెట్టిన్రు. రంగారెడ్డి జిల్లాల హాజిపల్లి, సంగారెడ్డి జిల్లాల సంగుపేట, నారాయణపేట జిల్లాల మద్దూరు, పెద్దపల్లి జిల్లాల అడవి శ్రీరాంపూర్. మాది కాదు. అది ముత్తారం మండలంది, గోదావరికి ఆవలి ఒడ్డుది. మంథని నియోజకవర్గం. ఐటీ మంత్రిగారు గెలిచింది కూడ మంథని నుంచే. పేరుల అడవి ఉంటేంది, అడ్రస్ మంచిది.

మాకు ఈ పేరు తిప్పలు కొత్త కాదు. గోదావరికి ఇటు అటు కలిపి మూడు శ్రీరాంపూర్‌లు. అడవి శ్రీరాంపూర్ ఒకటి. పెద్దపల్లి జిల్లాలనే కాల్వ శ్రీరాంపూర్ ఇంకొకటి, అది మండల కేంద్రం. మూడోది మేము. మంచిర్యాల జిల్లా, నస్పూర్ పక్కన, ఆర్‌కే బొగ్గు బాయిలు, ఓసీపీ అనే పైనుంచి తవ్వే గని, సింగరేణి క్వార్టర్లు. ఒకరికి అడవి ఉన్నది, ఒకరికి కాల్వ ఉన్నది. మా పేరు ముందట ఏమీ లేదు. బొగ్గు శ్రీరాంపూర్ అని పెట్టుకుంటే సరిపోతుండె. కానీ భూమి కింద ఉన్నదాన్ని ఎవరు పేరుకెక్కిస్తరు?

టీ-ఫైబర్ మీద నాకు కోపమేమీ లేదు, ఆ మాట ముందే చెప్తున్న. ఆలోచన మంచిదే. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకంలనే ఫైబర్ గొట్టం కూడ వేసుకుంట పోయిన్రు. ఒక్క తవ్వుడు, రెండు పనులు. పక్క రాష్ట్రం వాళ్లు తవ్వుడు గివ్వుడు ఎందుకని కరెంటు స్తంభాల మీద నుంచి గుంజిన్రు. 2017 డిసెంబర్ 27 నాడు రాష్ట్రపతితో ప్రారంభం చేయించి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టీవీ, ఫోను మూడూ ఇస్తమన్నరు. మేము భూమి కిందికెళ్లి, వాళ్లు ఆకాశంకెళ్లి. సింగరేణోల్లకు భూమి కింది పనంటేనే నమ్మకం ఎక్కువ గనుక నేను ఏడెనిమిది ఏండ్లు ఓపిక పట్టిన. భగీరథను 2016 ఆగస్టు 7 నాడు గజ్వేల్ కాడ ప్రధానమంత్రి మొదలుపెట్టిండు. అదే రోజు, అదే వేదిక మీద, మా పక్కన జైపూర్‌ల సింగరేణి కట్టిన 1200 మెగావాట్ల కరెంటు ప్లాంటును కూడ జాతికిచ్చిండు. అంటే కరెంటుకు పుట్టిల్లు మాది. పుట్టింట్ల బిడ్డ ఎన్ని రోజులుంటది చెప్పుండ్రి? గాలిదుమారం లేస్తే చాలు, అత్తగారింటికి పోతది.

సంక్రాంతి పోయినంక ఇంటామె తేల్చి చెప్పింది. "సర్కారుది వచ్చేటాలకు మనం ఉంటమో లేమో. ఆ ప్రైవేటోల్లది పెట్టియ్యి. మనవడు వీడియోల మాట్లాడుతుంటే మొఖం ముక్కలు ముక్కలు అయితాంది, చూడబుద్ధి అయితలేదు." ఫోన్ల ఒక కంపెనీ యాప్ దించుకున్న. జిల్లా అని అడిగింది. మంచిర్యాల జిల్లా 2016 అక్టోబర్‌ల పుట్టింది, ఇప్పుడు బడికి పోయే ఈడు. ఆ యాప్‌ల ఇంకా పుట్టలేదు. ఆదిలాబాద్ అని కొట్టిన. ఊరు అని అడిగింది. శ్రీరాంపూర్ అని మూడు అక్షరాలు కొట్టంగనే అదే నింపుకున్నది. మంచి తెలివిగల్లది అనుకున్న.

రెండో రోజు ఫోను వచ్చింది.

"కాకా, నెట్టు పెట్టెతందుకు వచ్చిన. బస్టాండ్ కాడ ఉన్న. ఎటు రావాలె?"

"కృష్ణాకాలనీ అని అడుగు బిడ్డా, ఎవలైనా చెప్తరు."

ఐదు నిమిషాలకు మళ్లీ చేసిండు. "కృష్ణాకాలనీ ఇక్కడ ఎవలికీ ఎరుక లేదట కాకా."

"ఆర్‌కే 6 బాయి దారి అడుగు."

"బాయి అంటే వ్యవసాయ బాయి చూపిస్తాండ్రు కాకా. మోటరు కూడ ఉన్నది."

అప్పుడు నాకు మబ్బు వీడింది. పిలగాడు కాల్వ శ్రీరాంపూర్‌ల ఉన్నడు. పాపం, ఎండకు తిరిగి తిరిగి గొంతు ఎండిపోయింది. "నేను మీ దిక్కు రారాదు కాకా, నా రూటు కాదు. కానీ నీకు వచ్చిన ఓటీపీ చెప్తే నా పని అయిపోయినట్టు రాసుకుంటరు. లేకుంటే ఈ టికెట్టు నా మీదనే ఉంటది, జీతంల కోస్తరు." నేను కూడ మస్టర్ పడకపోతే నాగా అయిన కాలం చూసినోణ్ణి. కార్మికుడి నోటికాడి బువ్వ ఎందుకు కొట్టాలె? ఆరు అంకెలు చదివి వినిపించిన. రెండు నిమిషాలకు మెసేజ్ వచ్చింది: అభినందనలు, మీ ఇంటిల ఫైబర్ కనెక్షన్ విజయవంతంగా పూర్తయింది.

కస్టమర్ కేర్‌కు చేస్తే ఒక ఆడబిడ్డ శానా మర్యాదగా మాట్లాడింది. "మీకు కనెక్షన్ ఉంది కదా సార్?" లేదమ్మా అన్న. "సిస్టమ్‌లో ఉంది సార్." ఆ సిస్టమ్ ఎక్కడున్నదో చెప్తే పోయి అండ్లనే చూసుకుంట అన్న. ఆమెకు నవ్వొచ్చింది గానీ, నవ్వు రూల్‌ల లేనట్టుంది, ఆపుకున్నది. ఆఖరికి కొత్తగా ఇంకొక అర్జీ పెట్టుకోమన్నది.

రెండోసారి నిజంగనే వచ్చిన్రు. ఇద్దరు పిలగాండ్లు, ఒక నిచ్చెన, ఒక నల్ల వైరు చుట్ట. చిన్నోడు కోతి లెక్క స్తంభమెక్కిండు. ఆ స్తంభం మీద నిజం కోతులు అంతకుముందే నాలుగు ఉన్నయి. వీటి జాగ వాడు, వాడి జాగ ఇవి చూసుకుంట జర సేపు ఉన్నరు. పెద్దోడు కిందినుంచి అన్నడు, "కాకా, వైరు తెగుడు అంటూ ఉంటే గీటి పండ్లతోనే తెగుతది."

నల్ల వైరు పొట్ట చీరి లోపలి పోగు చూపించిండు. వెంట్రుక మందం గాజు. నాకు గమ్మత్తనిపించింది. వానికి తెల్వని ముచ్చట ఒకటి నాకు తెలుసు, చదివి పెట్టుకున్న. గాజు పోగుల వెలుగును పంపి మాటలు పంపొచ్చని 1966ల చార్లెస్ కావో అనే ఇంజనీరు రాసిండు. అప్పటి గాజుల వెలుగు దూరం పోకపోతుండె. తప్పు గాజుది కాదు, గాజుల కలిసిన మురికిది అన్నడాయన. కిలోమీటరు పోయినంక నూటికి ఒక పాలు వెలుగు మిగిలినా చాలు, నడిపిస్త అన్నడు. 1970ల కార్నింగ్ కంపెనీ ఆ గాజు తీసి చూపెట్టింది. ఇప్పటి గాజుల కిలోమీటరు పోయినా నూటికి 95 పాళ్లు మిగులుతది. కావోకు 2009ల నోబెల్ ఇచ్చిన్రు. నలభై మూడేండ్లకు! మా దగ్గర డిపెండెంట్ ఉద్యోగం ఫైలు ఇంతకంటే జర జల్ది కదులుతది.

సరే, కిలోమీటర్ల కొద్ది నడిచి అలవని ఆ వెలుగు మా ఇంటి మూల కాడికి వచ్చి సచ్చింది. పిలగాండ్లు వైరును గోడ మూలకు లంబంగా మలిచి మేకు కొట్టిన్రు. గాజు పోగును గట్ల విరిచినట్టు వంచితే వెలుగు బయటికి కారిపోతదట. డబ్బా మీద ఎర్ర లైటు మిటమిట కొట్టుకున్నది. మేకు పీకి, వైరును గుండ్రంగ తిప్పి మళ్లీ పెట్టిన్రు. అయినా ఎర్రగనే ఉన్నది. వైరు కొన విప్పి చూస్తే దుమ్ము. ఓసీపీ దుమ్ము. మా ఇంట్ల మంచినీళ్ల బిందె మీద, దేవుని పటం మీద, ఆరేసిన తెల్లంగి మీద కూసుండే దుమ్ము సూదిమొన అంత గాజు మీద కూసోదా? చిన్నోడు బనీను అంచుతో తుడువబోతే పెద్దోడు వాని చేతి మీద ఒకటి ఇచ్చుకుని, సంచిల నుంచి స్పిరిట్ తడి గుడ్డ తీసిండు. పచ్చ లైటు వెలిగింది. ఇంటామె ఇద్దరికీ చాయ్ పోసింది. నేను ఓటీపీ చెప్పిన. ఈసారి డబ్బాను కళ్లతోని చూసినంకనే చెప్పిన.

ప్లాన్ 100 ఎంబీపీఎస్ వరకు. ఈ 'వరకు' అనే మూడక్షరాలు ఉన్నయే, వాటి మీదనే కంపెనీలన్నీ బతుకుతున్నయి. ముందుగాల ఆ వంద బిట్ల వంద. బైట్ల లెక్కన 8తోని భాగిస్తే పన్నెండున్నర. అది కూడ నా ఒక్కనిది కాదు. ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే ఒక్క గాజు పోగు రెండున్నర గిగాబిట్లు మోస్తది. స్తంభం మీది చిన్న డబ్బాల దాన్ని ముప్పై రెండు ఇండ్లకో, అరవై నాలుగు ఇండ్లకో చీలుస్తరు. ఇది వినంగనే నాకు బాయి గాలి యాదికొచ్చింది. ఫ్యాన్ హౌస్ నుంచి గాలిని గట్లనే డిస్ట్రిక్టు డిస్ట్రిక్టుకు, అంటే బాయిల ఒక్కొక్క భాగానికి, చీల్చి పంపుతం. దారిల తలుపు ఒకటి తెరిచి పెట్టిన్రంటే ఆఖరి ఫేసుల ఉన్నోనికి ఉక్కపోతే. అందుకనే బొగ్గు గనుల రెగ్యులేషన్లల్ల రాసి పెట్టిన్రు: పెద్ద షిఫ్టుల ఉండే ఒక్కొక్క మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లకు తక్కువ గాలి ఉండొద్దు. రోజు ఉత్పత్తి లెక్కన టన్నుకు రెండున్నర ఘనపు మీటర్లు. రెండిట్ల ఏది ఎక్కువైతే అది. 'వరకు' కాదు, 'తక్కువ ఉండొద్దు'. బాయి కింద మనిషికి గాలి ఎంతో లెక్క ఉన్నది. బాయి మీద వానికి నెట్టు ఎంత? దానికీ ఒక లెక్క ఉన్నది లెండి. 512 కేబీపీఎస్ ఉన్నదాన్ని 2023 జనవరిల పెంచి, 2 ఎంబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు అన్నరు. నాకు వందల రెండు వచ్చినా సర్కారు లెక్కన నేను ధనవంతుణ్ణే.

టీవీ ముచ్చట వేరే చెప్పాలె. పాత కేబుల్ టీవీ స్విచ్ వేస్తే మోగేది. ఈ కొత్త టీవీ ముందుగాల మేలుకుంటది, తర్వాత ఆలోచిస్తది, ఆ తర్వాత 'చూస్తున్నది ఎవరు' అని అడుగుతది. ఇంటామె మొదటి రోజు రాత్రి "నేనే" అని జవాబు చెప్పింది. పాస్‌వర్డ్ కొట్టాలంటే రిమోట్‌తోని ఒక్కొక్క అక్షరం కాడికి బాణం గుర్తును నడిపించాలె. దానికన్నా బాయిల టబ్బు నెట్టుడు నయం.

ఇవన్నీ ఓర్చుకున్నది గానీ ఒక్క దెబ్బ ఓర్చుకోలేకపోయింది. గోదావరిఖనిల ఆమె చెల్లె ఇంక పాత కేబులే చూస్తది. అక్కాచెల్లెండ్లకు ఇరవై ఏండ్ల సంది ఫోను చెవికి పెట్టుకొని ఒకటే సీరియల్ కలిసి చూసుడు అలవాటు. నెట్టు టీవీల బొమ్మ అర నిమిషం వెనుకకు వస్తది. వీడియోను ముక్కలు చేసి, మూట కట్టి, కొంత దాపు పెట్టుకొని చూపిస్తది గద, గందుకు. ఇక్కడ అత్త ఇంక చాయ్ తాగుతాంటది, అక్కడ చెల్లె ఫోన్‌ల, "అయ్యో పిల్లను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టింది అక్కా!" అని ఏడుస్తది. మా ఆమెకు ఏడుపు రాంగ రాంగ చెల్లె కండ్లు తుడుచుకొని అడ్వర్టైజ్‌మెంట్ల పడ్డది. నెల తిరగక ముందే మాటలు బంద్ అయినయి. నెట్టు వేగంగా ఉన్నదని ఫోన్‌ల అందరికీ చెప్పుకుంట తిరిగిన నేను ఈ అర నిమిషం కాడ తలకాయ దించుకున్న.

ఆ మీద ఎర్ర లైటు మళ్లీ వచ్చింది. ఫిర్యాదు చేసిన. టికెట్ నంబర్ వచ్చింది. నాలుగు గంటలకు 'మీ సమస్య పరిష్కరించబడింది' అని వచ్చింది. లైటు ఎర్రగనే ఉన్నది. మళ్లీ చేసిన. మళ్లీ పరిష్కరించబడింది. ఆరుసార్లు పరిష్కరించబడిన సమస్య ఏడోసారి నా ముంగటనే కూసున్నది.

నేను బాయిల ఓవర్‌మన్‌గా చేసి దిగిపోయిన. షిఫ్టు అయినంక పైకొచ్చి, రిపోర్టు బుక్కుల రాసి, కింద సంతకం పెట్టకుండ ఏ ఒక్క నాడు ఇంటికి పోలేదు. కప్పు ఎట్లున్నది, గాలి ఎట్లున్నది, ఎక్కడ సపోర్టు ఊగుతాంది, అన్నీ. తర్వాతి షిఫ్టోడు అది చదివి కిందికి దిగుతడు. నేను 'అంతా బాగున్నది' అని అబద్ధం రాస్తే, దాని కింద నా పేరే ఉంటది. ఈ 'పరిష్కరించబడింది' కింద ఎవల పేరున్నది? ఒక్క పేరు లేదు. క్రియ ఉన్నది, కర్త లేడు. బళ్లె చదువుకున్నప్పుడు కర్మణి ప్రయోగం ఎందుకో మా సారు చెప్పలేదు, ఇప్పుడు ఎరుకైంది.

చివరికి దాన్ని బాగు చేసింది కంపెనీ కాదు. ఒకనాడు మధ్యాహ్నం ఓసీపీల బ్లాస్టింగ్ కొట్టిన్రు. ఇల్లు ఒకసారి ఊగి, గోడకున్న డబ్బా దబ్బున కిందపడ్డది. లేపి చూస్తే పచ్చ లైటు. ఇరవై నిమిషాలకు మెసేజ్: మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తరు? ఇయ్యాల్సినోల్లకే ఇయ్యాలంటే సింగరేణి బ్లాస్టర్‌కు ఇయ్యాలె.

నెల మొదట్ల బిల్లు వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఒకే పేరు, ఒకే ఫోన్ నంబర్, రెండు కనెక్షన్లు. నేను రెండూ కట్టిన, ఒకటి ఆపితే ఏది ఆగుతదో ఎవలు చెప్పాలె? మొన్న రాత్రి తెల్వని నంబర్ నుంచి ఫోన్. ఒక పెద్దమనిషి గొంతు, మంచి మర్యాదస్తుడు.

"నమస్తే అన్నా. మాది కాల్వ శ్రీరాంపూర్. ఆ పిలగాడు ఎండకు తిరిగి తిరిగి మా అరుగు మీద కూసున్నడు. డబ్బా ఎట్లాగూ తెచ్చిన గద, వాపస్ ఇస్తే లొల్లి అయితదని మా ఇంట్లనే పెట్టిపోయిండు. సర్కారోల్లదే కావచ్చు అనుకున్నం. మీ పేరు మీద ఉన్నదని ఇయ్యాల్నే ఎరుకైంది."

"ఎట్ల నడుస్తాంది?" అని అడిగిన.

"ఒక్కనాడు ఆగలేదన్నా, అబద్ధం చెప్పొద్దు. ఇగో, ఇప్పుడే టీవీల ఏదో అడుగుతాంది, సీరియల్ ఆగింది. నీ ఫోన్‌కు ఆరు అంకెలు వచ్చినయట. జర చూసి చెప్పవా?"

చూసిన. వచ్చినయి. మా ఇంట్ల డబ్బా మీద మళ్లీ ఎర్ర లైటు కొట్టుకుంటాంది. కళ్లద్దాలు పెట్టుకొని, ఒక్కొక్క అంకె నెమ్మదిగా చదివి వినిపించిన.