పైపులో వేసేశామండీ!

ముమ్మిడివరంలో కొత్తగా ఇల్లు కట్టినవాళ్లకు ఈమధ్య ఆకాశం మీద మమకారం పెరిగింది. ఇంటిమీద ఒక్క తీగ కనిపించకూడదు. గేటు లైటుకైనా, కొబ్బరితోటలో బోరు మోటారుకైనా, పెరటి వంటశాలకైనా కరెంటు నేలలోంచే వెళ్లాలి. గృహప్రవేశం రోజు డ్రోను పైకి లేచినప్పుడు తీగ అడ్డొస్తే, దుబాయిలో కూర్చుని వీడియో చూసే అబ్బాయి నొచ్చుకుంటాడు. అందుకని ప్రహరీ వెంబడి జానెడు లోతున గాడి తీసి, తెల్ల పైపు పడుకోబెట్టి, మట్టి కప్పి, పైన టైల్స్ పరిచేస్తారు. "ఇంక జన్మలో చూసుకోనక్కర్లేదండీ, పైపులో వేసేశాం" అంటాడు మేస్త్రి. "ఆయ్" అంటాడు ఇంటాయన. విద్యుత్ శాస్త్రం అక్కడితో సమాప్తం.

పైపు మహిమ చెప్పనలవి కాదు. గోడలో వేసుకోవాల్సిన మామూలు సింగిల్ కోర్ వైరు అందులో దూరిందంటే చాలు, అండర్‌గ్రౌండ్ కేబుల్‌గా పునర్జన్మ ఎత్తుతుంది. కాయిల్ మధ్యలో అయిపోతే ఇంకో ముక్క మెలిపెట్టి, నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి లోపలికి తోసేయొచ్చు. ఎవరు చూడొచ్చారు, పైపులో ఉంది కదా! ఎర్తు వైరు ఏదయ్యా అని అడిగితే, "ప్లాస్టిక్కుకి షాకేటండీ" అని ఎదురు ప్రశ్న. పైపు ప్లాస్టిక్కే, నిజమే. పైపు చివర ఉన్న మోటారు మాత్రం ఇనుముతో చేశారు. దాన్ని తడి చేత్తో తాకేది పైపు కాదు, తోటలో పనిచేసే మనిషి.

ఇక నీటి సంగతి. గోదావరి పాయలు గౌతమికీ వసిష్ఠకూ మధ్య, ఓ పక్క సముద్రం పెట్టుకుని బతికే కోనసీమ నేల ఇది. వానాకాలంలో పల్లపు తోటలో రెండడుగులు తవ్వితే నీళ్లు పలకరిస్తాయి. గోదావరి పొంగిన ఏడాది లంకల సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటిచోట పైపులోకి నీరు రాదని నమ్మడానికి గుండెధైర్యం కావాలి. "అతుకులన్నిటికీ సొల్యూషన్ పూశామండీ" అంటారు. పూశారు సరే. మోటారు షెడ్డులో పైకి తేలిన పైపు మూతి మాత్రం బార్లా తెరిచి ఉంటుంది. దాన్నీ బిగించారనే అనుకుందాం. లోపలున్న గాలి సంగతేమిటి? పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి, చెమర్చి, బొట్టుబొట్టుగా పల్లంలోకి చేరుతుంది. ఒంటిస్తంభం మేడలో దాక్కున్న పరీక్షిత్తు దగ్గరికి తక్షకుడు పండులో పురుగై చేరినట్టు, నీరు ఆవిరై ముందే లోపల కూర్చుని ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు భూమిలో పైపు అంటే తడి ఉండే చోటు అనే లెక్కేసుకుని, నీటిని తట్టుకునే కేబులే వాడతారు. మనవాళ్లు మాత్రం టేపు చుట్టిన అతుకును తీసుకెళ్లి ఆ నీళ్లలో నానబెడతారు.

నానిన అతుకు నెమ్మదిగా నేలలోకి కరెంటు వదలడం మొదలుపెడుతుంది. "ఎమ్‌సీబీ ఉందండీ, టకీమని పడిపోద్ది" అనే ధీమా ఒకటి. పదహారు ఆంపియర్ల ఎమ్‌సీబీకి ఒక ఆంపియరు లీకేజీ కంటికే ఆనదు. దాని ఉద్యోగం వైరు కాలిపోకుండా చూడటం, మనిషి కాలిపోకుండా చూడటం కాదు. మనిషి కోసం 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపడే ఆర్‌సీసీబీ అని వేరే ఉంది. దాన్ని పెట్టిన ఇళ్లలోనూ మాటిమాటికీ పడిపోతోందని, చికాకు పుట్టి, పీకించేసిన మహానుభావులున్నారు. అది పడిపోతున్నది పైపులో ఏదో తగలడిందని చెప్పడానికే. ఊళ్లో నిజం చెప్పేవాణ్ని ఊరి బయటికి పంపడం మనకు కొత్తేం కాదు. ఇక ఆ ఒక్క ఆంపియరు లీకేజీ 230 వోల్టుల దగ్గర రోజుకు అయిదున్నర యూనిట్లు, నెలకు 165 యూనిట్లు. ఫ్రిజ్జు పాతదైపోయిందని కొత్తది కొంటారు, బిల్లు తగ్గదు. మీటరు తిరిగేస్తోందని కరెంటాఫీసు వాళ్లను తిడతారు. పెరట్లో వానపాములకు ఉచిత విద్యుత్ పథకం నడుపుతున్నామని మాత్రం అనుమానం రాదు.

తీగలు పాతిపెట్టాలన్న కోరికను తప్పుపట్టను. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమలో ఆ కోరిక పుట్టకపోతేనే వింత. కొబ్బరిచెట్లు ఎక్కడ పడ్డాయో, స్తంభాలు ఎక్కడ పడ్డాయో తెలియని రాత్రి అది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ కొట్టాక విశాఖపట్నంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో భూగర్భ కేబుళ్లు వేశారు. "వైజాగ్‌లో వెయ్యలేదేటండీ?" అని మనవాళ్లు ఉదాహరించేది దాన్నే. వేశారు. వేసింది కేబులు. భారత ప్రమాణాల సంస్థకు ఐఎస్ 1255 అని ఒక పుస్తకం ఉంది. ఇళ్లకు వాడే వోల్టేజీ కేబులైనా ముప్పావు మీటరు లోతున ఉండాలనీ, కింద ఇసుక పరవాలనీ, పైన ఇటుకలో పలకలో కప్పాలనీ అందులో ఉంది. ఉక్కు తొడుగున్న ఆర్మర్ కేబులైతే అసలు పైపే అక్కర్లేదు, అలాగే మట్టిలో పడుకుంటుంది. పాతిపెట్టదగిన కేబులుకు పైపు అవసరం లేదు, పాతిపెట్టకూడని వైరును పైపు కాపాడలేదు. మరి మధ్యలో ఈ తెల్ల పైపు ఎవరిని ఉద్ధరిస్తోందయ్యా అంటే, అతుకులు కనపడకుండా దాచి, మేస్త్రిని.

మేస్త్రినే అనడం అన్యాయం. ఆర్మర్ కేబుల్ ధర చెప్పగానే "అంత అవసరమా" అన్నది ఇంటాయనే. సింహద్వారం టేకుకు మారు మాట్లాడకుండా డబ్బిచ్చిన చెయ్యి, కేబులు దగ్గరికొచ్చేసరికి జేబులోంచి బయటికి రాదు. భూమిలో పోయేదానికి అందమెందుకు!

ఈ ధీమా మనం కనిపెట్టిందీ కాదు. 1843లో అమెరికాలో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్‌కూ బాల్టిమోరుకూ మధ్య టెలిగ్రాఫు తీగను సీసపు పైపులో పెట్టి పాతడం మొదలుపెట్టాడు. ప్రభుత్వం ఇచ్చిన 30,000 డాలర్లలో చాలా భాగం మట్టిలో కలిశాక, పైపులోని తీగల ఇన్సులేషన్ పాడైపోయిందని తేలింది. ఆయన పాతడం మానేసి, స్తంభాలు వేయించి, 1844 మేలో సందేశం పంపించాడు. ఆయన పరువు చెట్టంత ఎత్తు స్తంభాలు కాపాడాయి. ఆ స్తంభాలే మన డ్రోనుకు అడ్డు.

ఇంతకీ మన పెరట్లోని పైపు ఎటు నుంచి ఎటు పోయిందో ఎవరికైనా తెలుసా? ఈశాన్యంలో ఏముండాలో, ఆగ్నేయంలో ఏముండకూడదో ఇంట్లో పిల్లాడు కూడా చెబుతాడు. వాస్తు ప్లాను లామినేషన్ చేయించి బీరువాలో దాచుకుంటారు. ఫేజు వైరు ఏ దిక్కున పడుకుందో రాసిపెట్టిన కాగితం ముక్క ఉండదు. టైల్స్ పరిచేముందు ఫోనుతో ఒక్క ఫోటో తీసుకోవచ్చు. కానీ ఆవేళ ఫోను డ్రోను వీడియో చూడటంలో ఉంటుంది. పైపు వేసిన మేస్త్రి యానాం అవతల ఇంకో పనిలో ఉంటాడు. కొత్త కొబ్బరి మొక్క నాటడానికి కూలీ గునపం పట్టుకుని దిగితే ఇంటాయన అరుగుమీద కూర్చుని వర్జ్యం వెళ్లిందో లేదో పంచాంగంలో చూస్తాడు. మెయిన్ స్విచ్ దించారో లేదో చూడమని అందులో రాసి ఉండదు మరి.